బ్రేజింగ్‌లో మంట పెట్టాల్సింది రాడ్ మీద కాదు

ఇంట్లో గ్యాస్ టార్చ్ పెట్టుకుని స్టీలు ముక్కలు ఇత్తడి రాడ్‌తో అతికించేవాళ్లకి (బ్రేజింగ్ అంటే ఇదే) ఒక మాట. మంట స్టీలు మీద పెట్టండి, రాడ్ మీద కాదు. మొదట్లో నేను రాడ్‌ని కరిగించి జాయింట్ మీద చుక్కలు చుక్కలుగా పోసేవాణ్ని, చల్లారాక అవి చింతగింజల్లా ఊడి చేతికొచ్చేవి. ఇత్తడి రాడ్ దాదాపు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, స్టీలు కరగాలంటే 1400 దాటాలి, కాబట్టి ముక్కలు రెండూ బాగా ఎర్రబడ్డాక రాడ్ కొన ఆనిస్తే చాలు, అదే కరిగి వేడి ఎటుంటే అటు సందులోకి పాకిపోతుంది. వెలిగారం (బోరాక్స్) నీళ్లతో ముద్ద చేసి జాయింట్‌కి ముందే రాయండి. మొదట పొంగుతుంది, కంగారు పడొద్దు, తర్వాత గాజులా కరిగి మెరుస్తుంది, అక్కణ్నించి ఇంకాస్త వేడి చాలు.

టార్చ్ వేడి సరిపోకపోతే చుట్టూ ఫైర్ బ్రిక్స్ (వేడి తట్టుకునే ఇటుకలు) పేర్చండి. మామూలు ఇటుక వద్దు, తడి ఉంటే పగులుతుంది.

మన వైజాగ్‌లో ఇంకో తలనొప్పి సముద్రపు గాలి. మాది ఎంవీపీ కాలనీ, రాత్రి ఎమెరీ పేపర్‌తో తళతళలాడేలా రుద్దిన ముక్కకి తెల్లారేసరికి తుప్పు మచ్చలు. అందుకే రుద్దిన వెంటనే అతికించెయ్యాలి.

జీఐ పైపు (జింకు పూత ఉన్న పైపు) జోలికి మాత్రం పోకండి. కాలితే వచ్చే జింకు పొగకి చలిజ్వరం పట్టుకుంటుంది. చివర్లో మిగిలిన వెలిగారం పెంకు వేణ్నీళ్లలో నానబెడితే వదిలిపోతుంది.