రాకెట్లు చేస్తానంటాడు, తీసివేతలు రావు: చిన్నపిల్లల కలలు, చదువు - సమస్యలు, పరిష్కారాలు

శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే నెల్లూరులో పిలకాయలంతా మిద్దెలెక్కుతారు. మర్నాడు బడిలో ఎవరినడిగినా 'ఇస్రోలో చేరతా' అంటారు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి బిడ్డలకు చదువు రావాలని మొక్కుకుని విద్య రొట్టె పట్టుకునే అమ్మానాన్నల ఆశ కూడా అదే. ఆ ఆశకూ రేపటి హోంవర్కుకూ మధ్యనే చిక్కంతా. అయిదు నుంచి పదేళ్ల పిల్లలున్న ఇళ్లలో తరచుగా వచ్చే ఇబ్బందులు ఇవి.

సమస్య: ఇస్రో అంటాడు, లెక్కల పుస్తకం తీస్తే ఏడుపు

"తీసివేతలే రావు, నువ్వు రాకెట్లు చేస్తావా?" అనే మాట ముందు మానేయండి. దాంతో లెక్క రాదు, పైగా వాడు రాకెట్ల ఊసెత్తడం కూడా మానేస్తాడు.

కారణం: లెక్క ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ చూడకపోవడం. 503లోంచి 247 తీసేయమనండి. 344 అని రాశాడనుకోండి, అది పరాకు వల్ల వచ్చిన తప్పు కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశాడు: 7లో 3 పోతే 4, 4లో సున్నా పోతే 4, 5లో 2 పోతే 3. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వాడికి అర్థం కాలేదు. మధ్యలో సున్నా ఉంటే మరీ కష్టం. ఇలాంటప్పుడు ఇంకో యాభై లెక్కలిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

పరిష్కారం: కాగితం ముక్కలతో నోట్లు చేయండి. అయిదు వందనోట్లు, మూడు రూపాయి బిళ్లలు చేతికిచ్చి "నాకు 247 ఇవ్వు నాయనా" అనండి. చిల్లర చాలదు. ఒక వంద మార్చి పది పదులు తీసుకుంటాడు, అందులో ఒక పది మార్చి పది రూపాయి బిళ్లలు తీసుకుంటాడు. ఇప్పుడు వాడి దగ్గర నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు రూపాయి బిళ్లలు. మీకు 247 ఇచ్చాక మిగిలేది 256. ఇది నాలుగైదు సార్లు చేత్తో చేశాకే పలక మీద చేయించండి. రోజుకు మూడు లెక్కలు చాలు. తప్పు వస్తే కొట్టేయకుండా "ఎట్టా చేశావో చెప్పు" అని అడగండి. వాడు చెప్పేదాంట్లోనే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

తర్వాత వాడి రాకెట్టునే లెక్కలోకి తీసుకురండి. ఇస్రో రాకెట్టు పీఎస్ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. మన ఇల్లు ఎంత ఎత్తు? అలాంటి ఇళ్లు ఎన్ని పేరిస్తే రాకెట్టంత అవుతుంది? చంద్రయాన్-3 2023 జులై 14న బయల్దేరి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ఎన్ని రోజులు పట్టింది? క్యాలెండరు చేతికిచ్చి వదిలేయండి.

సమస్య: కూడికలు, తీసివేతలు చేస్తుంది, మాటల్లో రాసిన లెక్క ఇస్తే బిక్కమొహం వేస్తుంది

లెక్కను మీరే చదివి వినిపించండి. వెంటనే చేసేస్తే లోపం చదవడంలో ఉంది. ఒక్కో పదం కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతుంది. ఇంగ్లిషు మీడియం అయితే ప్రశ్నే అర్థం కాదు.

మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లిషు, తెలుగు పక్కపక్క పేజీల్లో ఉంటాయి. చాలా ఇళ్లలో తెలుగు పేజీ తెరిచి చూసేవాళ్లే ఉండరు. ముందు అది పైకి చదివించి, "ఏమడిగారో నీ మాటల్లో చెప్పు పాపా" అనండి. ఆ తర్వాతే ఇంగ్లిషు పేజీ. రోజూ పది నిమిషాలు కథల పుస్తకమో పేపరో పైకి చదివించండి. బోర్డు మీది అంకెలు తప్పుగా ఎక్కించుకుంటుంటే మాత్రం ట్యూషన్ కంటే ముందు కంటి పరీక్ష చేయించండి.

సమస్య: వారానికో కల

ఇది జబ్బు కాదు, మందు అక్కర్లేదు. "అందులో నీకేం నచ్చింది?" అని మాత్రం అడగండి. రొయ్యల గుంట దగ్గర నీళ్లు పరీక్ష చేసేవాళ్లను చూసి ముచ్చటపడే పిల్లకు ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉందనీ, ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే ఆ దారి ఉందనీ చెప్పండి. శ్రీహరికోటలోని ఇస్రో కేంద్రం షార్‌లో సైంటిస్టులతో పాటు ఐటీఐ చేసిన టెక్నీషియన్లు కూడా పనిచేస్తారని చెప్పండి. డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్ తప్ప వేరే పనుల పేర్లే వినని పిల్లలకు ఎంచుకోవడానికి ఏముంటుంది?

సమస్య: నాలుగో తరగతికే నవోదయ కోచింగు, పిల్లాడు ఏమీ మాట్లాడటం లేదు

నవోదయ అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి. చాలాసార్లు ఆ కల ఇంట్లో పెద్దవాళ్లది. ఉదయం కోచింగు, పగలు బడి, రాత్రి మళ్లీ కోచింగు అంటే తొమ్మిదేళ్ల పిల్లాడికి నిద్ర చాలదు. నవోదయ ఆరో తరగతి పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 50 మార్కులు బొమ్మలు చూసి ఆలోచించే ప్రశ్నలకు, 25 లెక్కలకు, 25 భాషకు. తెలుగులోనే రాయొచ్చు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. పైన చెప్పిన తీసివేతలూ, అర్థమయ్యేలా చదవడమూ వచ్చిన పిల్లాడికి అయిదో తరగతిలో కొన్ని నెలలు పాత ప్రశ్నపత్రాలు చేయిస్తే చాలని నా అభిప్రాయం.

సీటు రాకపోతే ఏం చేస్తామో పరీక్షకు ముందే పిల్లాడితో చెప్పండి: మన ఊరి బడిలోనే ఆరో తరగతి, ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు ఆ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి.