మందు మొదలుపెట్టాక కుక్క తూలుతోందా? ముందు స్ట్రిప్ చూడండి

యాంటీబయాటిక్ వాడుతుండగా కుక్క నలతపడిందని వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేవి రెండే: మందు స్ట్రిప్ తెచ్చారా, కుక్క బరువెంత? చాలామంది దగ్గర రెండింటికీ జవాబుండదు. బరువు తెలుసుకోవడం కష్టమేం కాదు. కుక్కని ఎత్తుకుని ఇంట్లో మెషీన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసివేయండి.

వాంతులు: టిక్ ఫీవర్‌కి (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) డాక్సీసైక్లిన్ వాడుతుంటే, ఖాళీ కడుపున వేశారేమో చూడండి. తిండి పెట్టాక వేసి, వెంటనే కాసిన్ని నీళ్ళు తాగించండి. మాత్ర గొంతు దిగక అతుక్కుంటే లోపల పుండు పడుతుంది. పెరుగన్నంలో, పాలలో కలపొద్దు. రక్తం పట్టాలని ఇచ్చే ఐరన్ టానిక్‌కీ దీనికీ రెండు మూడు గంటలైనా ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. వాంతులు ఆగకపోతే డాక్టర్‌కి చెప్పండి. 28 రోజుల కోర్సుని మీ అంతట మీరు ఆపకండి.

పల్చటి మోషన్స్: అమాక్సిసిలిన్-క్లావులనేట్‌తో మామూలే. తిండితో కలిపి ఇస్తే తగ్గుతాయి. రక్తం పడినా, కుక్క తిండి మానేసినా అదే రోజు చూపించండి.

మాత్ర వేయగానే నోట్లో నురగ: మోషన్స్‌కి వాడే మెట్రోనిడజోల్ విపరీతమైన చేదు. విరిచి వేస్తే చొల్లు కారుస్తూ తల విదిలిస్తుంది. అది ఫిట్స్ కాదు. అన్నం ముద్దలో దాచి పెట్టండి.

తూలడం, మెడ ఒకవైపు వాల్చడం, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకోవడం: అసలు మోసం ఇక్కడే. చెవిలో చీము అనుకుంటారు, డిస్టెంపర్ (కుక్కలకి వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) అని భయపడతారు, పక్షవాతమని నూనెతో మర్దన చేస్తారు. మోషన్స్‌కి వాడుతున్న మెట్రోనిడజోల్ మాత్రం ఎవరికీ గుర్తురాదు.

లెక్క చూడండి. డాక్టర్లు సాధారణంగా రాసేది పూటకి కిలోకి 10–15 మిల్లీగ్రాములు. 5 కిలోల పొమేరియన్‌కి 50–75 చాలు. మెడికల్ షాపులో దొరికేది మనుషుల 400 మాత్ర. అది రెండు పూటలా వేస్తే రోజుకి కిలోకి 160. రోజుకి కిలోకి 60 దాటితే చాలు, మెదడు మీద దెబ్బ పడే ప్రమాదం బాగా పెరుగుతుంది. కాలేయం బాగాలేని కుక్కకైనా, చాలా రోజులు వాడినా అంతకంటే తక్కువకే రావచ్చు.

మొదటి రోజే తూలదు కాబట్టి మందు మీద అనుమానం రాదు. చాలాసార్లు వారం దాటాకే బయటపడుతుంది. అప్పుడు మోషన్స్ వల్ల నీరసమనుకుని ఇంకో మాత్ర వేస్తారు. కొన్ని ఇళ్ళలో ఒకరు సిరప్ పోస్తే, తెలియక ఇంకొకరు మాత్ర వేస్తారు. మనుషుల మోషన్స్ మాత్రల్లో ఉండే ఆర్నిడజోల్, టినిడజోల్ కూడా మెట్రోనిడజోల్ కుటుంబానివే. వాటినీ కలిపి చూడాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకండి. స్ట్రిప్ పట్టుకుని అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఎన్ని రోజులు, పూటకి ఎంత వేశారో దాచకుండా చెప్పండి. మందు ఆపితే చాలా కుక్కలు వారం రెండు వారాల్లో తేరుకుంటాయి. డాక్టర్ డయాజెపామ్ ఇస్తే ఇంకా త్వరగా లేస్తాయి. దాన్ని ఇంట్లో మీరు ఇవ్వొద్దు. తేరుకునేదాకా మెట్ల దగ్గరికి, డాబా మీదికి పోనివ్వకండి. అసలు కుక్క హుషారుగా ఉంటే, మామూలు మోషన్స్‌కి చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు.

మిగతావి అరుదు. ఎదిగే వయసు కుక్కపిల్లకి ఎన్రోఫ్లాక్సాసిన్ కీళ్ళ మృదులాస్థిని దెబ్బతీస్తుంది, ఫిట్స్ ఉన్న కుక్కకీ మంచిది కాదు. డాబర్‌మన్‌కి సల్ఫా మందులంటే జాగ్రత్త. జెంటామైసిన్ కిడ్నీలకి చేటు. ఇంజెక్షన్ చేసిన కాసేపటికే మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఫోన్లతో పొద్దుపుచ్చకండి, కుక్కని ఎత్తుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.