వానల్లో కోడిపిల్లలకు రక్త విరేచనాలు: మా ఇంట్లో ఎలా తగ్గాయంటే

మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన పల్లె. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పట్టుకుంటే నేల ఆరదు, సరిగ్గా అప్పుడే నాటుకోడి పిల్లలు రెక్కలు వాల్చి ముడుచుకుని కూర్చుని, మేత మానేసి, రెట్టలో రక్తం వేయడం మొదలుపెట్టాయి. ఇరుగుపొరుగు కొక్కెర తెగులన్నారు. అది కాదు. కొక్కెరలో రెట్ట ఆకుపచ్చగా, తెల్లగా పడుతుంది, మెడ మెలి తిరుగుతుంది, దానికి మందు లేదు, ముందే టీకా వేయించుకోవాలి. ఇది కాక్సిడియోసిస్, పేగుల్లో పెరిగే ఐమీరియా అనే పరాన్నజీవి పని.

పశువుల డాక్టరు రెట్ట చూసి ఆంప్రోలియం 20 శాతం పొడి రాశారు: లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, 5 రోజులు, వేరే నీళ్లు అందకుండా. జబ్బు పిల్ల మేత ముట్టకపోయినా నీళ్లు తాగుతుంది కాబట్టి నీళ్లలోనే ఇవ్వాలి. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్ మాత్రం పోయకండి, పరాన్నజీవికి బి1 అందనీయకుండా చేయడమే ఈ మందు చేసే పని.

నన్నడిగితే సగం వైద్యం గూట్లోనే ఉంది. రెట్టలో పడ్డ పరాన్నజీవి గుడ్లు తడి, వెచ్చదనం ఉంటేనే జబ్బు అంటించేలా తయారవుతాయి, అందుకే తడిసిన ఊకంతా ఎత్తి దూరంగా పూడ్చి, పొడి ఊక పరిచి, నీళ్ల గిన్నెను ఇటుక మీదకెక్కించా. పిల్లలు మళ్లీ మేతకొచ్చాయి.

ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చచ్చిపోతే మాత్రం సొంత వైద్యం వద్దు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే బర్డ్ ఫ్లూ వచ్చింది, వెంటనే పశువుల ఆసుపత్రిలో చెప్పండి.