రాత్రిపూట టెన్షన్ ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

ఆఫీసు టెన్షన్ నాకు పగలు కాదు, పడుకున్నాకే మొదలయ్యేది. రేపటి పనులన్నీ బుర్రలో తిరిగేవి.

అన్నిటికంటే పనికొచ్చింది సాయంత్రం టీ మానేయడం. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అంటే ఆరింటికి తాగిన టీ పదకొండింటికి కూడా పూర్తిగా పోదు. ఇప్పుడు నాలుగు దాటితే మజ్జిగే. అమ్మ పెట్టే అల్లం టీ వద్దనడమే అసలు కష్టం!

పడుకునే ముందు రేపటి పనులు కాగితం మీద రాసేస్తాను. అయినా నిద్ర రాకపోతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. ఊపిరి నిదానంగా వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ధ్యానం యాప్‌లు మాత్రం నాకు పడలేదు. భోంచేశాక మేడ మీద నడక నయం, అదీ ఫోన్ కింద పెట్టి వెళ్తేనే.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి.