కుషింగ్స్ పాఠాలు – 3: పొట్ట చూసి మేత తగ్గించకండి

కుషింగ్స్ అంటే ఎక్కువగా ముసలి గుర్రాలకు వచ్చే హార్మోన్ల జబ్బు. పోయిన పాఠం చివర, ఇది ఉన్న మీ గుర్రం ఒళ్లు ఎలా ఉందో చూసి రాయమన్నాను. చాలామంది ఒకటే రాశారు: "పొట్ట పెరిగింది, లావెక్కింది, అందుకే మేత తగ్గించాం." మందుల సంగతి తర్వాత. ముందు ఇది తేలాలి.

కుషింగ్స్‌లో పొట్ట జారిందంటే కొవ్వు పట్టిందని కాదు. ఈ జబ్బు వెన్ను, తుంటి మీది కండను కరిగిస్తుంది, పొట్టను పట్టి ఉంచే కండలను కూడా వదలదు. అవి సడలితే పొట్ట వేలాడుతుంది. అంటే లోపల చిక్కిపోతున్న గుర్రమే బయటికి బొద్దుగా కనిపిస్తుంది. పైన దట్టమైన బొచ్చు ఉంటే ఇక చూపుతో ఏమీ తెలియదు.

అందుకే చేత్తో చూడాలి. గుర్రం పక్కన నిలబడి, మూపు వెనక అరచెయ్యి పెట్టి, వేళ్లతో కాస్త నొక్కుతూ వెన్నెముక పక్కనుంచి తోక దాకా జరపండి. కండ ఉంటే వేళ్ల కింద నిండుగా, మెత్తగా తగులుతుంది. కరిగితే ఎముక గట్టులా పైకి తేలి, చెయ్యి పక్కనున్న పల్లంలోకి జారుతుంది. తర్వాత పక్కటెముకలు తడమండి. చివరగా జూలు కింద మెడ అంచు, తోక మొదలు, కంటి పైనున్న గుంట చూడండి. అక్కడ కొవ్వు గడ్డకట్టినట్టు ఉండొచ్చు. వెన్ను ఎండిపోయి మెడ మాత్రం గట్టిపడిన పోనీలు చాలానే ఉంటాయి. ఇలాంటివాటినే జనం లావు అనుకుని కడుపు మాడుస్తారు, ఉన్న కండ కూడా పోతుంది. నాకు దీని మీదే కోపం.

అలాగని దాణా గుమ్మరించకండి. ఈ గుర్రాల్లో కొన్నిటికి ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉంటుంది. చక్కెర, పిండి పదార్థాలు పెరిగితే డెక్కల లోపల వాపు, అంటే లామినైటిస్, వస్తుంది. డాక్టరు చేత ఇన్సులిన్ పరీక్ష చేయించాకే మేత మార్చండి. ఎక్కువుంటే నానబెట్టి నీళ్లు పారబోసిన ఎండుగడ్డి, మంచి ప్రొటీన్ ఇవ్వండి. నోట్లో పళ్లు, పేడలో పురుగుల గుడ్లు కూడా చూపించండి. ముసలి గుర్రం చిక్కడానికి అవీ కారణాలే. నేనైతే పళ్లతోనే మొదలుపెడతాను.

రక్తంలో ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఎంతుందో చూసి ఈ జబ్బును పట్టే పరీక్ష గురించి ఒక్క మాట. ఉత్తరార్ధగోళంలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆరోగ్యమైన గుర్రాల్లోనూ అది పెరుగుతుంది. రిపోర్టు ఆ కాలపు హద్దులతో చూశారా అని అడగండి.

గుర్రం ముందుకాళ్లు చాచి బరువు వెనక్కి వేసి నిలబడినా, గట్టి నేల మీద అడుగు కుదించినా అది లామినైటిస్ కావచ్చు, ఈ పాఠం పక్కనపెట్టి అదే రోజు డాక్టర్ని పిలవండి.

అభ్యాసం కొంచెం కష్టమే. మూడు రోజులు వరసగా గుర్రం తాగే నీళ్లు కొలవండి. 500 కిలోల గుర్రం మామూలుగా రోజుకు 25 లీటర్ల దాకా తాగుతుంది, ఎండలో ఇంకాస్త. 50 దాటితే డాక్టరుకు చెప్పాలి. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే చోట, పక్కనుంచీ వెనకనుంచీ ఫోటో తీయండి. ఛాతీ చుట్టుకొలత రాయండి. వెన్ను తడిమినప్పుడు ఏం తగిలిందో మీ మాటల్లో పక్కనే రాయండి. ఏడాది పొడవునా ఇదే. వచ్చే పాఠంలో ఈ జబ్బుకు ఇచ్చే పెర్గొలైడ్ మాత్ర గురించి. మొదటి నెల నోట్సు దగ్గర పెట్టుకుని చదవండి, మందు మొదలుపెట్టాక ఏం మారిందో పోల్చి చూసేది దానితోనే.