జిబ్ లీడ్ లోపలికి జరపాలా? ముందు క్లాస్ రూల్స్ చదవండి

నెల్లూరు నుంచో గుంటూరు నుంచో వచ్చి చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు చెన్నై హార్బర్‌లో బోటు ఎక్కే మనవాళ్ళకి కొన్నాళ్ళయ్యాక ఒక డౌట్ వస్తుంది, జిబ్ (ముందుండే తెరచాప) లీడ్‌ని కాస్త లోపలికి, అంటే బోటు మధ్య గీత (సెంటర్‌లైన్) వైపు జరిపితే బోటు గాలి వచ్చే దిక్కుకి ఇంకా దగ్గరగా పోతుంది కదా, జరుపుకోవచ్చా అని. డ్రిల్ మిషన్ పక్కన పెట్టేసి ముందు మీ క్లాస్ (అంటే మీ రకం బోట్ల) రూల్స్ పీడీఎఫ్ తెరవండి. లేజర్, ఆప్టిమిస్ట్ బోట్ల వాళ్ళకి ఈ గొడవే లేదు, వాటికి ఉండేది ఒక్క తెరచాప.

షీట్ అంటే జిబ్‌ని లాగే తాడు, అది డెక్ మీద ఏ పాయింట్ గుండా వెనక్కి వస్తుందో అదే లీడ్. గాలిపటానికి సూత్రం ముడి కొంచెం పైకో కిందకో జరిపితే ఎగిరే తీరే మారిపోతుంది చూడండి, ఇదీ అలాంటిదే, అందుకే వన్ డిజైన్ క్లాసులు (బోట్లన్నీ ఒకేలా ఉండాలనేవి) దీని మీద అంత పట్టుగా ఉంటాయి.

రూల్స్‌లో మొదట చూడాల్సింది మీది క్లోజ్డ్ క్లాసా ఓపెన్ క్లాసా అని. క్లోజ్డ్ అయితే రూల్స్‌లో చేయొచ్చని రాసి లేనిది చేయకూడదు అంతే, "ఎక్కడా వద్దని లేదు కదా" అనే వాదన అక్కడ నడవదు. ఓపెన్ అయితే దానికి తిరగేసి, వద్దని లేనిదంతా ఓకే. తర్వాత ఫిట్టింగ్స్, రిగ్గింగ్ సెక్షన్లలో లీడ్ ట్రాక్ పొజిషన్, సెంటర్‌లైన్ నుంచి దూరం, బార్బర్ హాలర్ (షీట్‌ని పక్కకి లాగే చిన్న తాడు) పెట్టొచ్చా లేదా, రేసులో ఉండగా మార్చొచ్చా, ఇవన్నీ వెతకండి. బోటు రూల్స్ ప్రకారం ఉండేలా చూసుకోవాల్సింది ఓనరూ, బోటు బాధ్యత తీసుకున్నవాళ్ళూ, రేసింగ్ రూల్ 78 అదే చెబుతుంది, కాబట్టి పాత ఓనర్ పెట్టిన హోల్ అని చెప్పినా ప్రొటెస్ట్ (రేసు ఫిర్యాదు) విచారణలో వినరు.

క్లాస్ రూల్స్ పైన వరల్డ్ సెయిలింగ్ (ప్రపంచ సెయిలింగ్ సంఘం) రేసింగ్ రూల్ 55.3 కూడా ఉంది. బోటు నిటారుగా ఉన్నప్పుడు డెక్ అంచు దాటి బయటికి వచ్చే ఏ సాధనంతోనూ షీట్‌ని గానీ తెరచాప మూలని గానీ బయటికి నెట్టకూడదు. కొన్నిటికి మినహాయింపు ఉంది, జిబ్ మూలని బయటికి పట్టి ఉంచే కర్ర, అదే విస్కర్ పోల్, అందులో ఒకటి, అదీ స్పినేకర్ (గాలి వెనక నుంచి ఉన్నప్పుడు ఎక్కించే పెద్ద తెరచాప) ఎక్కించనప్పుడే. మరి క్రూ చేత్తో షీట్ బయటికి పట్టుకుంటే? పట్టుకోవచ్చు, వరల్డ్ సెయిలింగ్ తీర్పుల పుస్తకంలో కేస్ 4లో క్లియర్‌గా తేల్చేశారు, గాలి వెనక నుంచి వీచేటప్పుడు బాగా పనికొస్తుంది. లోపలి వైపు లాగడం గురించి 55.3 ఏమీ అనదు, అది మొత్తం మీ క్లాస్ చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు కొలత. ట్యాక్ (జిబ్ ముందు కింది మూల) నుంచి సెంటర్‌లైన్ మీద వెనక్కి ఎంత, అక్కడ్నుంచి పక్కకి లీడ్ దాకా ఎంత, ఈ రెండూ టేపుతో కొలిచి రెండోదాన్ని మొదటిదానితో భాగించి 57తో గుణిస్తే డిగ్రీలు దాదాపుగా వచ్చేస్తాయి. 150 సెంటీమీటర్లు వెనక, 26 పక్కకి ఉంటే సుమారు 10 డిగ్రీలు. రెండు పక్కలా కొలవండి, పాత బోట్లలో రెండూ ఒకటే ఉంటాయని నమ్మకం లేదు.

ముందు వెనకల సంగతికి టెల్‌టేల్స్ చాలు, అదే జిబ్ ముందంచు దగ్గర అంటించే ఊలు దారాలు. గాలికి ఎదురుగా పోతూ బోటుని మెల్లగా ఇంకా గాలివైపు తిప్పండి, గాలి వైపున్న దారాల్లో పైది ముందు ఎగిరితే లీడ్ మరీ వెనక ఉన్నట్టు, ముందుకి జరపండి, కిందది ముందు ఎగిరితే వెనక్కి జరపండి, అన్నీ ఒకేసారి కదిలితే దాన్ని బేస్ సెట్టింగ్‌గా మార్కర్‌తో గీత పెట్టుకోండి. గాలి బాగా పెరిగి బోటు ఒరిగిపోతుంటే ఒక హోల్ వెనక్కి జరపండి, పైభాగం తెరుచుకుని గాలి వదిలేస్తుంది.

లీడ్ ఫిక్స్‌డ్ అయితే? జిబ్ మొత్తాన్ని కొంచెం పైకి ఎక్కిస్తే లీడ్ ముందుకి జరిపినట్టే, కిందికి దించితే వెనక్కి జరిపినట్టే, ట్యాక్ ఎత్తు మీద రూల్ లేకపోతేనే సుమా. 49er, 29er బోట్లలో జిబ్ దానంతటదే పక్క మారుతుంది, వాళ్ళు జిబ్ వెనక మూల దగ్గరుండే బోర్డులో ఏ హోల్ అన్నదాంతో ఆడుకుంటారు.

నన్నడిగితే చెన్నైలో లోపలికి లాగడం వల్ల అంత లాభం లేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక హార్బర్ బయట అల తెగ కుదుపుతుంది, అలాంటప్పుడు కోణం కన్నా స్పీడే ముఖ్యం, లీడ్ మరీ లోపలుంటే జిబ్ నుంచి వచ్చే గాలి మెయిన్‌సెయిల్ (వెనకుండే పెద్ద తెరచాప) ముందంచుని వెనక్కి నెడుతుంది, అక్కడ బుడగలా ఉబ్బడం కనిపిస్తే లోపలికి ఎక్కువైనట్టే. నీళ్ళు చదునుగా ఉన్నప్పుడు మాత్రం నిజంగానే తేడా తెలుస్తుంది.

అయినా సరే రూలే మార్చాలి అనుకుంటే ఒకే రకం రెండు బోట్లు పక్కపక్కన నడపండి, ఒకటి పాత లీడ్‌తో ఒకటి కొత్త లీడ్‌తో, కాసేపయ్యాక క్రూలని మార్చుకోండి, లేకపోతే తేడా బోటుదా మనిషిదా తెలీదు. ప్రపోజల్‌లో "లీడ్ అడ్జస్ట్ చేసుకోవచ్చు" అని వదులుగా రాస్తే పది మంది పది రకాలుగా చేస్తారు. సెంటర్‌లైన్ నుంచి కనీసం ఇన్ని మిల్లీమీటర్లు, ఏ పాయింట్ నుంచి ఏ పాయింట్‌కి, షీట్ టైట్‌గా ఉన్నప్పుడా లూజుగా ఉన్నప్పుడా, రేసు మధ్యలో మార్చొచ్చా, అంతా రాయండి, బోట్లు కొలిచే మెజరర్ టేపు పట్టుకుంటే వాదన ఉండకూడదు. పాత బోటుకి ఖర్చెంతో కూడా రాయాలి, కొత్త డెక్ కొనాల్సొస్తే ఎవరూ ఓటెయ్యరు, న్యాయమే కదా. క్లబ్ సొంత క్లాస్ బోట్లయితే క్లబ్ కమిటీ చాలు, ఇంటర్నేషనల్ క్లాసయితే అసోసియేషన్ ఒప్పుకున్నాక వరల్డ్ సెయిలింగ్ దాకా పోవాలి, టైం పడుతుంది.

ఈలోగా మీ రెగట్టా (రేసుల పోటీ)లో మాత్రం కొత్త పద్ధతి ట్రై చేద్దామంటే రూల్ 87 చూడండి, క్లాస్ రూల్సే అనుమతించాలి లేదా క్లాస్ అసోసియేషన్ రాతపూర్వక పర్మిషన్ అఫీషియల్ నోటీస్ బోర్డు మీద ఉండాలి, రేస్ ఆఫీసర్ నోటిమాట సరిపోదు.