మొదటి షిప్ ఎక్కుతున్నారా? ‘స్టాప్’ అనడం అలవాటు చేసుకోండి

సైన్ ఆన్ అయిన (షిప్‌లో డ్యూటీలో చేరిన) రోజు లైఫ్‌బోటూ మస్టర్ స్టేషనూ (ప్రమాద సమయంలో అందరూ చేరాల్సిన చోటు) చూపించే హడావుడిలో, చాలా కంపెనీల్లో ఒక చిన్న కార్డు కూడా చేతిలో పెడతారు. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా పని ఆపించవచ్చని అందులో ఉంటుంది. దీన్నే స్టాప్ వర్క్ అథారిటీ అంటారు. నిన్న ఎక్కిన ట్రైనీకి కూడా ఇది వర్తిస్తుంది.

కార్డు జేబులో ఉన్నా బోసన్ (డెక్ పనివాళ్ల మేస్త్రీ) ఎదురుగా ఉంటే మనవాళ్లకు నోరు పెగలదు. అప్పు చేసి వచ్చాం, మధ్యలో ఇంటికి పంపేస్తే ఎలా అని టెన్షన్. నా మొదటి కాంట్రాక్టులో షిప్పును రేవుకు కట్టే మూరింగ్ తాడు బిగుసుకుంటుంటే, అది తెగితే కొరడాలా వచ్చి కొట్టే చోట నిలబడ్డాను. భయం వేసింది, అయినా కదల్లేదు. పక్కనున్న ఫిలిప్పీన్స్ ఏబీ (అనుభవమున్న డెక్ నావికుడు) నా కాలర్ పట్టుకుని లాగేశాడు. నా ఇంగ్లీషు బాగోదని నోరు విప్పలేదు! పని ఆపమనడానికి పెద్ద ఇంగ్లీషేం అక్కర్లేదు. చెయ్యెత్తి గట్టిగా “స్టాప్, నాట్ సేఫ్” అంటే చాలు. ఎందుకన్నది ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

బొగ్గులాంటి సరుకును విడిగా పోసి తీసుకెళ్లే బల్క్ క్యారియర్ అయితే హోల్డ్ (సరుకు నింపే గది) దగ్గర మరీ జాగ్రత్త. బొగ్గు, కలప దుంగలు, ఇనప తుక్కు లోపలి ఆక్సిజన్‌ను తినేస్తాయి. హోల్డులోకి దిగే నిచ్చెన దారిలోనూ అంతే. వాసనేమీ ఉండదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. గ్యాస్ మీటర్ అంతకన్నా తక్కువ చూపించినా, లోపలికి దిగడానికి రాతపూర్వక అనుమతి (పర్మిట్) లేకపోయినా దిగకండి. “రెండు నిమిషాల పనే” అన్నా సరే. 2016 జూలై నుంచి ఇలాంటి షిప్పుల్లో సొంత గ్యాస్ మీటర్ ఉండి తీరాలి, కాబట్టి “మీటర్ ఎక్కడ?” అని అడగడంలో తప్పులేదు. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే ముందు అలారం. ఊపిరి బిగబట్టి దిగి తెచ్చేద్దాం అనుకున్నవాళ్లు ఎందరో ఆ పక్కనే పడిపోయారు.

నిద్ర చాలకపోయినా చెప్పండి. 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలన్నది నియమం.

బోసన్ వినకపోతే చీఫ్ ఆఫీసర్, ఆపైన కెప్టెన్. నేరుగా కెప్టెన్ దగ్గరికే వెళ్లినా తప్పుకాదు. అక్కడా పని జరగకపోతే ఒడ్డున కంపెనీ తరఫున డీపీఏ (షిప్పు భద్రత చూసే అధికారి) ఉంటారు, నంబరు ఎక్కిన రోజే ఫోన్‌లో వేసుకోండి. ఫిర్యాదు చేసినందుకు వేధించకూడదని మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. ఫిర్యాదు పద్ధతి కాపీ మీకు ఇవ్వాలి, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

“ఇంటికి పంపేస్తాం” అని ఎవరైనా బెదిరిస్తే తేదీ, టైమ్, అన్నది ఎవరు, పక్కన ఎవరున్నారు, అన్నీ ఆ రోజే రాసి పెట్టుకోండి. తెలుగులో రాసుకున్నా సరే.